తల్లి లేదా తండ్రి మరణించినప్పుడు పిల్లలకు రావలసిన సొమ్మును కాపాడుకోవడం

దుఃఖంలో కాగితాల మాట ఎత్తడం కష్టమే అయినా, మరణాన్ని 21 రోజుల్లోగా పల్లెలోనైతే పంచాయతీ కార్యదర్శి వద్ద, వరంగల్‌లోనైతే నగరపాలక సంస్థలో నమోదు చేయించి, ధ్రువపత్రం నకళ్లు కొన్ని ఎక్కువే తీసుకోవాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు చేసేటప్పుడు పిల్లలందరి పేర్లూ, మొదటి పెళ్లి సంతానం ఉంటే వారివి కూడా, చేర్చాలి.

తరువాత బ్యాంకు పాస్‌బుక్కును ఓపికగా తిరగేయాలి. ఏటా 436 రూపాయలు కోతపడి ఉంటే, అది 2 లక్షల జీవన్ జ్యోతి బీమా కావచ్చు. తెలంగాణ ప్రభుత్వ రైతుబీమాలో నమోదైన పట్టాదారు అయితే 5 లక్షల కోసం వ్యవసాయ విస్తరణ అధికారిని కలవాలి.

ప్రైవేటు ఉద్యోగి కుటుంబాలు తరచూ పీఎఫ్ సొమ్ము తీసుకుని ఆగిపోతాయి. ఇది నన్ను ఎక్కువగా బాధించే విషయం. ఉద్యోగుల పింఛను పథకం కింద జీవిత భాగస్వామి పింఛనుతో పాటు, ఒకేసారి ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు నిండేదాకా అందులో 25 శాతం చొప్పున విడిగా వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ లేని పిల్లలకు అది 75 శాతం. దీనికి ఫారం 10డి సమర్పించాలి.

మైనర్ల వాటా సొమ్మును బంధువుల ఖాతాలో వేయకుండా, పిల్లల పేరనే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయడం మంచిది. హిందూ మైనరు పేరనున్న భూమిని కోర్టు అనుమతి లేకుండా తల్లి అయినా అమ్మకూడదు. వివాదం వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ స్త్రీలకూ పిల్లలకూ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.