రేసు మధ్యలో ఆపేయాలా వద్దా: నేను ఎలా తేల్చుకుంటానంటే

టూర్ డివైడ్ అనే సైకిల్ రేసులో కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా సుమారు 4,400 కిలోమీటర్లు, బయటివాళ్ల సాయం లేకుండా తొక్కాలి. అంత దూరంలో ‘ఇక నావల్ల కాదు’ అనిపించడం మామూలే. అందుకే రాత్రిపూట, ఖాళీ కడుపుతో, తడిబట్టల్లో ఉండగా నేను ఆ నిర్ణయం తీసుకోను. ముందు వేడిగా ఏదైనా తినండి, పొడిబట్టలు వేసుకుని కంటినిండా నిద్రపోండి. తెల్లారాక కూడా అదే అనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

విసుగు, ఏడుపు, వెనకబడ్డామన్న టెన్షన్ వస్తుంటాయి, పోతుంటాయి. వాటికోసం ఆపకండి. శరీరం చెప్పేది మాత్రం వినాలి. మోకాలు నొప్పెడితే సీటు ఎత్తు సరిచూసుకుని, ఒక పూట తేలిక గేరులో తొక్కుతాను. అయినా నొప్పి పెరుగుతూనే ఉంటే ఆపేస్తాను. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే చేతులు పట్టుకునే తీరు మార్చి చూడొచ్చు. కానీ బ్రేకు నొక్కే బలమే పోతే దిగిపోవాల్సిందే. మెడ కండరాలు తలను నిలపలేకపోయినా అంతే, దీన్ని షెర్మర్స్ నెక్ అంటారు. ముందు దారి కనబడనప్పుడు పంతం పనికిరాదు.

కునుకు పడుతుంటే మాత్రం రేసు మానక్కర్లేదు, వెంటనే పక్కకు ఆగి పడుకోండి చాలు.

ఆపాలని తేలాక, ఒంట్లో ఓపికుంటే బస్సో రైలో దొరికే ఊరు చేరండి. నిర్వాహకులకు వెంటనే మెసేజ్ పెట్టండి. మనం ఎక్కడున్నామో మ్యాపులో చూపించే ట్రాకర్‌ను ఆపేముందు ఇంటికి ఫోన్ చేయండి, మ్యాపులో చుక్క కదలకపోతే వాళ్లు హడలిపోతారు.