ఫిల్ వేయగానే టెంపో పరుగెత్తుతోందా?

సమస్య: డ్రమ్స్ మీద బీట్ చక్కగా నడుస్తుంటుంది. పల్లవి అయిపోయి చరణంలోకి వెళ్ళేచోట ఫిల్ (మామూలు బీట్ ఆపి వేసే చిన్న దెబ్బల వరస) వేస్తారు. అంతే, ఫిల్ చివర పడాల్సిన క్రాష్ (పెద్ద తాళం దెబ్బ) ముందే పడిపోతుంది, బాస్ గిటార్ వెనకబడుతుంది. తప్పు బాస్ వాళ్ళదే అనుకుంటారు.

అన్నిటికన్నా ముందు: ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ పని చేయరు, కొత్త ఫిల్స్ నేర్పే వీడియోల వెంట పడతారు. రికార్డ్ చేసేటప్పుడు కూడా మూడు బార్లు (బారుకు నాలుగు బీట్లు) బీట్, నాలుగో బార్ ఫిల్, మళ్ళీ బీట్, ఇలా ఆపకుండా వాయించాలి. ఫిల్ ఒక్కటే విడిగా సాధన చేస్తే అందులోకి దిగడం, బయటికి రావడం ఎప్పటికీ రావు.

ఇప్పుడు మీ పదహారు దెబ్బల ఫిల్‌ను టామ్స్ (చుట్టూ ఉన్న డ్రమ్ములు) జోలికి పోకుండా స్నేర్ (ముందున్న చిన్న డ్రమ్) మీదే వాయించండి.

స్నేర్ మీద కూడా పరుగెత్తితే: లెక్క కుదరలేదు. హై-హ్యాట్ (ఎడమకాలి పెడల్‌తో మూసే జంట తాళాలు) మీద బీటుకు రెండు దెబ్బలు వేస్తూ, ఫిల్‌లో ఒక్కసారిగా నాలుగు వేయాలి. ఫిల్‌కు ముందు బార్ నుంచే నోటితో ‘తకదిమి’ పైకి అనండి. బీటుకు మూడు దెబ్బల ఫిల్ అయితే ‘తకిట’. మనసులో అనుకుంటే చాలదు, నోరు తెరవాలి.

స్నేర్ మీద బాగుండి, టామ్స్ మీదికి వెళ్ళగానే చెడితే: దాదాపు ఎప్పుడూ కాలే కారణం. నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఇదే. బీట్ నడిచేటప్పుడు కాలం లెక్క మోసేది హై-హ్యాట్ మీదున్న కుడిచెయ్యి. ఎడమకాలు పెడల్‌ను ఊరికే తొక్కిపట్టి ఉంటుంది. ఫిల్ మొదలవగానే ఆ చెయ్యి టామ్స్ మీదికి పోతుంది, కిక్ (కుడికాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఆగిపోతుంది. ఇక కిట్ మీద లెక్క పట్టేవాళ్ళెవరూ లేరు. మెట్రోనోమ్ (టెంపో చెప్పే యంత్రం) క్లిక్ పెట్టుకుని వాయిస్తే ఇది బయటపడదు, ఎందుకంటే ఆ నాలుగు బీట్లూ మెట్రోనోమే మోస్తుంది. ఇంట్లో అంతా సరిగ్గా ఉందంటారు, ఆదివారం చర్చిలో పాట పరుగెత్తుతుంది.

లెక్కను కాలికి అప్పగించాలి. టెంపో 60 (నిమిషానికి 60 బీట్లు) పెట్టండి. ఫిల్‌కు ముందు బార్ నుంచే ఎడమకాలితో ప్రతి బీటుకూ హై-హ్యాట్ మూయండి. కష్టమైతే కొన్నాళ్ళు కిక్‌తో చేయండి. ప్రతి ‘త’ దగ్గరా చెయ్యీ కాలూ ఒకేసారి పడాలి. మొదట చివరి బీట్ మాత్రమే ఫిల్, అది నిలబడ్డాక రెండు బీట్లు, ఆ తర్వాతే పూర్తి బార్. ఫ్లోర్ టామ్ (కుడిపక్క నేల మీద నిలబెట్టే టామ్) దగ్గర జాగ్రత్త: ఒళ్ళు కుడివైపు తిరుగుతుంది, ఎడమకాలు అక్కడే మానేస్తుంది.

కుదిరిందో లేదో తేల్చుకోవాలంటే పాట టెంపో 80 అనుకుని మెట్రోనోమ్‌ను 20కి దించండి. బారుకు ఒక్కటే క్లిక్, ‘ఒకటి’ మీద. ఫిల్ తర్వాత క్రాష్, క్లిక్ కలిసి పడాలి. క్రాష్ పడ్డాక క్లిక్ వినిపిస్తే మీరు పరుగెత్తినట్టే. మొదట్లో చిరాకేస్తుంది, అయినా టెంపో పెంచుకుని తప్పించుకోవద్దు.

క్రాష్ ఆలస్యంగా పడితే: దెబ్బలు లెక్కపెట్టండి. కుడిచేత్తో మొదలుపెట్టి చేతులు మారుస్తూ పోతే పదహారోది ఎడమచేతిది, క్రాష్‌కు కుడిచెయ్యి ఖాళీగా ఉంటుంది. మధ్యలో ఎక్కడో ఒకే చెయ్యి రెండుసార్లు పడుతోంది, అది వెతకండి.

స్టూల్ ఎత్తు, టామ్ వాలు, పెడల్ స్ప్రింగ్ కూడా కారణాలు కావచ్చు, కానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి దగ్గరికి రండి. కొత్త స్టిక్స్ కొంటే తగ్గే జబ్బు మాత్రం కాదిది.

ఆర్కెస్ట్రాలో నిలబడి ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) వాయించేవాళ్ళకు తొక్కడానికి హై-హ్యాట్ ఉండదు. వాళ్ళు మడమతో నేల మీద వేసుకోవాలి, ఫిల్‌లో కూడా ఆపకుండా.