ఇంటి వంశవృక్షం గీద్దాం, 3వ పాఠం: జబ్బు ఏ దారిన దిగింది?

మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి సున్నా, జబ్బుంటే గుర్తు నిండా నలుపు, మేనరికానికి జంట గీత. పోయినసారి ఇంతవరకు గీశాం. ఇవాళ ఆ బొమ్మని చదువుదాం.

ముందు డుషేన్ కండరాల జబ్బు. నాలుగేళ్ల పిల్లాడు నేల మీంచి లేవాలంటే తన తొడల మీదే చేతులు ఆనించుకుంటూ లేస్తాడు. డిస్ట్రోఫిన్ అనే జన్యువు చెడితే ఈ జబ్బు వస్తుంది, ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది, తల్లికి రెండు ఎక్స్‌లు కాబట్టి ఒకటి చెడినా రెండోది చాలావరకు కాపాడుతుంది, కొడుక్కి ఉన్న ఒక్కటీ తల్లి ఇచ్చిందే. అందుకే నల్ల చదరాలు అమ్మ వైపే కనిపిస్తాయి: పిల్లాడు, మేనమామ, అమ్మ అక్కచెల్లెళ్ల కొడుకులు. తండ్రి నుంచి కొడుక్కి రాదు. ఇక్కడ మన వరసలే సగం పని చేసిపెడతాయి, అంకుల్ అని రాసుకుంటే ఏ వైపో తెలియదు. కానీ "పిన్ని కొడుకు" అన్నారంటే ఆగండి. పిన్ని అంటే అమ్మ చెల్లెలా, బాబాయి భార్యా? ఇది అడక్కపోవడం వల్ల నేనొకసారి బొమ్మంతా చెరిపేయాల్సి వచ్చింది. ఇంకోటి, మూడోవంతు పిల్లల్లో ఈ లోపం కొత్తగా పుట్టిందే, బొమ్మలో ఒక్క చదరమే నల్లగా ఉంటుంది.

కండరాల జబ్బు అనగానే "మేనరికం వల్లే" అనేస్తారు, డుషేన్‌కి ఆ మాట వర్తించదు. జీఎన్‌ఈ మయోపతీ అనే ఇంకో కండరాల జబ్బు లాంటివాటికి వర్తిస్తుంది. అమ్మానాన్నలిద్దరూ బాగానే ఉంటారు, ఇద్దరిలోనూ ఆ జన్యువు చెడిన కాపీ ఒక్కొక్కటి దాగి ఉంటుంది, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 4లో 1 వంతు, ఆడైనా మగైనా.

వృషణాల క్యాన్సర్‌ని మాత్రం ఈ రెండు లెక్కల్లోనూ చదవకండి. దాన్ని నడిపే ఒకే జన్యువంటూ లేదు, 2009లో బయటపడ్డ కేఐటీఎల్‌జీ అనే జన్యువు దగ్గరి తేడాల్లాంటి చిన్నచిన్నవి పదుల కొద్దీ కలుస్తాయి. తండ్రికి వస్తే కొడుక్కి ముప్పు 4 నుంచి 6 రెట్లు, అన్నకి వస్తే తమ్ముడికి 8 నుంచి 10 రెట్లు. టెన్షన్ పడకండి, అమెరికాలోనే జీవితకాలంలో సుమారు 250 మందిలో ఒకరికి వచ్చే జబ్బు ఇది, మన దగ్గర ఇంకా తక్కువ, కాబట్టి అన్ని రెట్లన్నా ఎక్కువమంది తమ్ముళ్లకి రాదు. చిన్నప్పుడు వృషణం కిందికి దిగలేదా అన్నది కూడా చదరం పక్కన రాసుకోండి, అదీ ముప్పు పెంచేదే.

అభ్యాసం: పిల్లాడికి కండరాల బలహీనత, అమ్మ తమ్ముడు అదే జబ్బుతో 18 ఏళ్లకే పోయాడు, అమ్మానాన్నలు మేనబావామరదళ్లు. గీయండి. జంట గీత చూసి తొందరపడకుండా, ఆ ఇంట్లో ఆడవాళ్లెవరికైనా ఇది వచ్చిందా అని ముందు అడగండి.