పికప్ ట్రక్కుకు ఎయిర్ సస్పెన్షన్ అవసరమా? కాటా చీటీ చూసి తేల్చుకోవడం ఎలా

పికప్ ట్రక్కుకు ఎయిర్ సస్పెన్షన్ మేలు చేస్తుందా లేదా అన్నది రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది. ఒకటి, మీ ట్రక్కు ఎంత బరువు మోస్తోంది. రెండు, ఆ బరువు ఒక రోజుకూ మరో రోజుకూ ఎంత మారుతోంది. అమెరికాలో పడవనో క్యాంపర్‌నో లాగడానికి పికప్ కొన్నవారు ట్రైలర్ తగిలించగానే వెనుక భాగం కుంగి, ముందు భాగం పైకి లేచి, హెడ్‌లైట్లు ఎదుటి వాహనాల కళ్లలో పడటం చూసి, వెంటనే వెనుక ఎయిర్ బ్యాగులు (స్ప్రింగులకు తోడుగా గాలి నింపే రబ్బరు సంచులు) వేయించాలన్న ఆలోచనకు వస్తారు. ఆ ఆలోచన తప్పు కాదు. అయితే గాలి ట్రక్కు ఎత్తును సరిచేస్తుందే తప్ప దానిమీద పడిన బరువును ఒక్క పౌండు కూడా తగ్గించదు. డబ్బు ఖర్చు పెట్టేముందు ఈ తేడాను స్పష్టంగా గ్రహించడం కుటుంబ భద్రతకు చాలా అవసరం.

ముందుగా ఇది పనిచేసే తీరు చూద్దాం. కమాను పట్టీలైనా (లీఫ్ స్ప్రింగులు) కాయిల్ స్ప్రింగులైనా ఉక్కుతో చేసినవి కాబట్టి వాటి బిరుసు తయారీలోనే దాదాపుగా స్థిరపడిపోతుంది. పూర్తి బరువుకు తగినంత బిరుసుగా చేస్తే ఖాళీగా వెళ్లేటప్పుడు ట్రక్కు ఎగిరెగిరి పడుతుంది, ఖాళీ ప్రయాణానికి తగినంత మెత్తగా చేస్తే బరువు వేయగానే కుంగుతుంది. ఎయిర్ స్ప్రింగులో బలమైన దారపు అల్లిక మీద రబ్బరు పోసి చేసిన సంచిలో గాలి ఉంటుంది. బరువు పెరిగినప్పుడు గాలి పీడనం పెంచితే ఎత్తు నిలబడుతుంది, దానితోపాటు స్ప్రింగు బిరుసు కూడా పెరుగుతుంది, బరువు దింపాక గాలి తగ్గిస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఉక్కు స్ప్రింగు చేయలేని పని ఇదే.

మార్కెట్లో ఇది రెండు రూపాల్లో దొరుకుతుంది. మొదటిది కంపెనీయే బిగించి ఇచ్చే పూర్తి వ్యవస్థ. 2013 మోడల్ రామ్ 1500లో నాలుగు చక్రాలకూ ఎయిర్ స్ప్రింగులు ఐచ్ఛికంగా వచ్చాయి, మరుసటి ఏడాది రామ్ 2500లో వెనుక ఇరుసుకు వచ్చాయి. 2022 టండ్రాలో వెనుక భాగాన్ని సమంగా నిలిపే ఎయిర్ సస్పెన్షన్‌ను ఐచ్ఛికంగా ఇచ్చారు. రివియన్ ఆర్1టీ ఎలక్ట్రిక్ పికప్ కూడా గాలి మీదే నిలబడుతుంది. వీటిలో ఎత్తును కొలిచే సెన్సర్లు, కంప్రెసర్, వాల్వులు, కంప్యూటరు కలిసి పనిచేస్తాయి. రెండో రూపం ఉన్న స్ప్రింగులను అలాగే ఉంచి వాటికి తోడుగా వెనుక బిగించే సహాయక ఎయిర్ బ్యాగులు. వీటి ధర కొన్ని వందల డాలర్లలో ఉంటుంది. పూర్తి వ్యవస్థ ఖర్చు వేలల్లోకి వెళుతుంది. ఈ రెంటి లాభనష్టాలు ఒకటి కావు కాబట్టి, ఎవరైనా ఎయిర్ సస్పెన్షన్ బాగుందనో బాగాలేదనో చెప్పినప్పుడు ఏ రకం గురించి చెబుతున్నారో ముందు అడగండి.

నిర్ణయానికి మొదటి మెట్టు డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కనున్న స్తంభం మీద కనిపించే పసుపు రంగు స్టిక్కర్. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో అందులో ఉంటుంది. ఉదాహరణకు ఆ అంకె 1,400 పౌండ్లు అనుకుందాం. మీరు 6,000 పౌండ్ల ట్రైలర్ లాగుతుంటే, సాధారణంగా అందులో 10 నుంచి 15 శాతం, అంటే 600 నుంచి 900 పౌండ్లు, ట్రక్కు కొక్కెం మీదే పడాలి. దీన్ని 750గా తీసుకుని, నలుగురు కుటుంబ సభ్యుల బరువు 600 కలిపితే 1,350 అవుతుంది. ఇక మిగిలేది 50 పౌండ్లే. కూలర్, టూల్ బాక్స్, కుక్క, పిల్లల సైకిళ్లు ఏవైనా ఎక్కిస్తే పరిమితి దాటినట్టే. బరువును ముందు ఇరుసుకూ పంచే ప్రత్యేక హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) వాడితే దాని సొంత బరువు, కొత్తగా వేయించే ఎయిర్ కిట్ బరువు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఎయిర్ బ్యాగుల డబ్బాల మీద 5,000 పౌండ్ల దాకా సమం చేస్తుందని రాసి ఉండటం చూసి, ట్రక్కు మోయగల బరువు ఆ మేరకు పెరిగిందని నమ్మేవారు చాలామంది ఉన్నారు. అది నిజం కాదు. ఆ అంకె సంచి తట్టుకునే బరువును చెబుతుంది. ట్రక్కు టైర్లు, చక్రాలు, ఇరుసు, బేరింగులు, బ్రేకులు, ఛాసీ ఏవీ మారలేదు కాబట్టి స్టిక్కర్ మీది పరిమితి అలాగే ఉంటుంది. పైగా కుంగిన ట్రక్కు చూడగానే బరువు ఎక్కువైందని తెలుస్తుంది, గాలితో సమంగా నిలబెట్టిన ట్రక్కు అంతే బరువు మోస్తున్నా ఏమీ తెలియనివ్వదు. నా దృష్టిలో ఎయిర్ బ్యాగుల వల్ల వచ్చే అతి పెద్ద ప్రమాదం ఇదే.

అందుకే రెండో మెట్టుగా ట్రక్కును తూకం వేయించండి. అమెరికా హైవేల పక్కన ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీదకు కుటుంబంతో, సామానుతో, ట్రైలర్‌తో సహా ఎక్కిస్తే ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలర్ బరువులు విడివిడిగా చీటీ మీద వస్తాయి. ట్రైలర్ తీసేసి మరోసారి తూకం వేయిస్తే కొక్కెం మీద ఎంత పడుతోందో, ముందు ఇరుసు ఎంత తేలికైందో తెలుస్తుంది. వీల్‌బేస్, అంటే ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం, 145 అంగుళాలు ఉన్న ట్రక్కులో, వెనుక ఇరుసుకు 48 అంగుళాలు వెనకగా ఉన్న హిచ్ బంతి మీద 750 పౌండ్లు పడితే, తూగుబల్ల సూత్రం ప్రకారం ముందు ఇరుసు మీద నుంచి దాదాపు 250 పౌండ్లు లేచిపోతాయి, వెనుక ఇరుసు మీద దాదాపు 1,000 పౌండ్లు పడతాయి. ముందు చక్రాలే స్టీరింగ్ తిప్పేవి, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం మోసేవి కూడా అవే. ఎయిర్ బ్యాగులు వెనుక భాగాన్ని పైకి లేపినా ఈ 250 పౌండ్లు తిరిగి ముందుకు రావు. ట్రక్కు చూడటానికి సమంగా ఉంటుంది కానీ స్టీరింగ్ తేలికగానే ఉండిపోతుంది. ఆ బరువును ముందుకు పంపగలిగేది బరువును పంచే హిచ్ మాత్రమే. రెండూ వాడేటట్టయితే సహాయక బ్యాగుల్లో కనీస పీడనం ఉంచి ముందు హిచ్‌ను సరిచేసుకుని, ఆ తర్వాత మిగిలిన కొద్దిపాటి కుంగుదలకు మాత్రమే గాలి నింపడం మంచి పద్ధతి. కంపెనీ బిగించిన వ్యవస్థ ఉంటే హిచ్ సరిచేసేటప్పుడు దాన్ని ఏ స్థితిలో ఉంచాలో ఆ ట్రక్కు మాన్యువల్‌లో రాసినట్టే చేయాలి.

తూకం పరిమితిలోపే ఉంటే లాభాలను నిశ్చింతగా లెక్కపెట్టుకోవచ్చు. వారం పొడవునా ఖాళీగా ఆఫీసుకు వెళ్లి, శని ఆదివారాల్లో క్యాంపర్ లాగే ట్రక్కుకు గాలి నిజంగా ఉపకారం చేస్తుంది. ఒక వైపు బరువు ఎక్కువున్నప్పుడు ఆ వైపు బ్యాగులో గాలి పెంచి సరిచేయవచ్చు. నాలుగు చక్రాల వ్యవస్థ ఉన్న ట్రక్కు హైవే వేగంలో కాస్త కిందికి దిగి గాలి నిరోధాన్ని తగ్గించుకుంటుంది, రాళ్ల దారిలో పైకి లేస్తుంది. ఆపినప్పుడు ఎక్కడానికి వీలుగా కిందికి దించే సదుపాయం కూడా రామ్ 1500లో ఉంది. ఊరి నుంచి వచ్చి కొన్ని నెలలుండే అమ్మానాన్నలకు, మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ రెండంగుళాల తేడా ఎంత ఊరటో ఎత్తైన పికప్ ఎక్కించి చూసినవారికి తెలుసు.

నష్టాల్లో మొదటిది లీకు. రబ్బరు సంచి మడత పడే చోట ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లు వస్తాయి, గొట్టాల జాయింట్ల దగ్గర ఓ-రింగులు ఎండిపోతాయి. చిన్న లీకు ఉన్నప్పుడు కంప్రెసర్ దాన్ని పూడ్చడానికి పదే పదే తిరిగి చివరకు తానే కాలిపోతుంది. అంటే కొద్దిపాటి ఖర్చుతో పోయే లోపం నిర్లక్ష్యం వల్ల పెద్ద బిల్లుగా మారుతుంది. రెండోది చలి. గొట్టాల్లో చేరిన తేమ గడ్డకడితే వాల్వులు కదలవు. ఉష్ణోగ్రత పడితే పీడనం కూడా పడుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) నింపిన బ్యాగు మైనస్ 10 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు 50 చూపుతుంది. మిన్నెసోటా, మిషిగన్ వంటి చోట్ల ఉండేవారు దీన్ని టెక్సాస్ వారికంటే గట్టిగా పట్టించుకోవాలి. కార్లలో కూడా గాలి సస్పెన్షన్‌కు ఈ ఇబ్బందులు కొత్త కాదు. 1957 నాటి కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్‌లో వచ్చిన ఎయిర్ సస్పెన్షన్ లీకులతో వేధించడంతో చాలామంది యజమానులు దాన్ని తీసేసి కాయిల్ స్ప్రింగులు వేయించుకున్నారు. నేటి రబ్బరు, సెన్సర్లు అప్పటికంటే ఎంతో మెరుగైనవి, అయినా ఉక్కు స్ప్రింగు అంత కాలం ఇవి నిలుస్తాయని ఆశించకూడదు.

కమాను పట్టీలున్న మధ్యతరహా పికప్‌లకు మరో ప్రమాదం ఉంది. పట్టీలు బరువును ఛాసీకి తమ రెండు చివరల దగ్గర అందిస్తాయి. మధ్యలో బిగించిన ఎయిర్ బ్యాగు అదే బరువును సరిగ్గా ఇరుసు పైనున్న ఒక్క చోట నెడుతుంది. ఇరుసుకు వెనకగా కొక్కెం మీద భారీ బరువు కిందికి లాగుతుంటే, గతుకుల్లో ఛాసీ ఆ చోటే వంగిపోవచ్చు. ఆస్ట్రేలియాలో డబుల్ క్యాబ్ యూట్‌లతో (పికప్‌లను అక్కడ అలా అంటారు) బరువైన క్యారవాన్లు లాగి ఎడారి దారుల్లో తిరిగేవారి మధ్య ఈ సమస్య బాగా తెలిసినదే. ఛాసీ వంగితే బాగుచేయడం చాలా కష్టం. కాబట్టి బ్యాగుల్లో అవసరానికి మించి గాలి నింపి వెనుక భాగాన్ని పైకెత్తడం ఎట్టి పరిస్థితుల్లోనూ మంచిది కాదు.

మీ బరువు ఎప్పుడూ ఒకటే అయితే, అంటే ప్లంబర్‌లా పనిముట్ల పెట్టెలు ట్రక్కు వెనుక తొట్టిలో శాశ్వతంగా ఉండేవారైతే, గాలి జోలికి పోనక్కరలేదని నా అభిప్రాయం. అదనంగా ఒక కమాను పట్టీ వేయించడమో, బంప్ స్టాపుల (ఇరుసు ఛాసీకి గుద్దుకోకుండా ఆపే దిమ్మెల) స్థానంలో గట్టి రబ్బరు స్ప్రింగులు పెట్టించడమో చాలు. అవి లీకు కావు, గడ్డకట్టవు. తూకంలోనే బరువు పరిమితి దాటిందని తేలితే ఏ స్ప్రింగూ పరిష్కారం కాదు. బరువు తగ్గించాలి, లేదా పెద్ద ట్రక్కుకు మారాలి.

సహాయక బ్యాగులు వేయించాలని నిర్ణయించుకుంటే లోపల రబ్బరు స్టాపు ఉన్నవాటిని ఎంచుకోండి. దారిలో గాలి పోయినా ఇరుసు ఛాసీకి నేరుగా గుద్దుకోకుండా అది కాపాడుతుంది. రెండు బ్యాగులకూ విడివిడిగా గొట్టాలు వేయించండి. ఒకే గొట్టంతో కలిపితే మలుపులో బరువు పడిన వైపు గాలి రెండో వైపుకు జారి బండి మరింత ఒరుగుతుంది. సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా ఉండే వైపు వేడి తగలకుండా రేకు ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు కూడా కిట్ తయారీదారు చెప్పిన కనీస పీడనం, సాధారణంగా 5 పీఎస్ఐ, ఉంచకపోతే సంచి మడతపడి నలిగిపోతుంది. బిగించిన తర్వాత జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లి బుడగలు వస్తున్నాయేమో చూసి, పూర్తి బరువుతో మళ్లీ ఒకసారి తూకం వేయించండి.

కంపెనీ ఎయిర్ సస్పెన్షన్ ఉన్న పాత ట్రక్కు కొనేటట్టయితే, సాయంత్రం నాలుగు చక్రాల పైనా మడ్‌గార్డు అంచు ఎత్తును టేపుతో కొలిచి, మరునాటి ఉదయం ఇంజిన్ వేయకముందే మళ్లీ కొలవడానికి అమ్మేవారిని అనుమతి అడగండి. ఒక మూల కుంగి ఉంటే అక్కడ లీకు ఉన్నట్టు అనుమానించాలి. ఆ తర్వాత అన్ని ఎత్తులకూ మార్చి చూస్తూ కంప్రెసర్ శబ్దం వినండి. టైరు మార్చడానికి జాకీ పెట్టేముందు సస్పెన్షన్‌ను జాక్ మోడ్‌లో ఉంచాలన్న సంగతి కొత్త యజమానులు తప్పక గుర్తుంచుకోవాలి, లేకపోతే జాకీ మీద ఉన్న బండిని అది తనంతట తాను సరిచేయబోతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తిరిగే, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ వంటి పికప్‌లు వెనుక కమాను పట్టీల మీదే నడుస్తాయి కాబట్టి, పైన ఛాసీ గురించి చెప్పినదంతా ఇక్కడివారికీ వర్తిస్తుంది. కాటా వేయించడం ఇక్కడ మరింత సులువు, వేబ్రిడ్జి లేని పట్టణం అరుదు. ముందు చక్రాలను మాత్రమే పళ్లెం మీద ఉంచి ఒకసారి, మొత్తం బండిని ఉంచి మరోసారి తూకం వేయిస్తే రెండు ఇరుసుల లెక్కా తేలుతుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. అందువల్ల కిట్ కొనకముందే ఆర్టీఏ కార్యాలయంలో విచారించి, వారంటీ గురించి డీలర్‌ను, పాలసీ గురించి బీమా సంస్థను అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి.