గ్రనాడాలో తక్కువ ఖర్చుతో టాపాస్ బార్‌కి వెళ్లడం ఎలా?

స్పెయిన్ వెళ్లినవాళ్లు చాలామంది పెద్ద కూడళ్లలో, ఫొటోల మెనూ పెట్టిన రెస్టారెంట్ల ముందు కూర్చుని, నాలుగు చిన్న ప్లేట్లకి బోలెడు యూరోలు కట్టి వస్తారు. గ్రనాడాలో ఆ అవసరం లేదు. దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియా ప్రాంతంలో ఉన్న ఈ ఊళ్లో డ్రింక్ తీసుకుంటే దాంతోపాటు చిన్న ప్లేటులో ఏదో ఒక తిండి పెట్టడం ఇప్పటికీ మామూలే. ఆ ప్లేటునే టాపా అంటారు (ఎక్కువైతే టాపాస్). దానికి వేరే డబ్బు తీసుకోరు. ఆ పక్కనున్న అల్మేరియా, హాయెన్‌లలోనూ ఈ అలవాటుంది. సెవిల్లో, బార్సిలోనాలో మాత్రం టాపాస్‌కి విడిగా కట్టాలి. జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో చదువుకుంటూ, సెలవుల్లో చవక టికెట్ దొరికిందని మలాగాలో దిగే మన పిల్లలకి ఇది బాగా పనికొస్తుంది. మలాగా నుంచి గ్రనాడాకి బస్సులో సుమారు రెండు గంటలు.

ముందు టైమ్ చూసుకోండి

మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు దాకా, మళ్లీ రాత్రి ఎనిమిదిన్నర నుంచి. ఈ రెండు వేళల మధ్య చాలా చిన్న బార్లలో పొయ్యి ఆర్పేస్తారు. సాయంత్రం ఆరింటికి వెళ్తే ఆలివ్ కాయలో, చిప్సో పెడతారు తప్ప వేడి ప్లేటు రాకపోవచ్చు. రాత్రి తలుపు తీయగానే వెళ్లడం మేలు. పదింటికల్లా కౌంటర్ దగ్గర మోచేయి పెట్టే సందు కూడా ఉండదు. ఆగస్టులో చాలా చిన్న బార్లు సెలవు పెట్టేస్తాయి. ఆ నెలలో వెళ్తుంటే తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఏ బార్?

గుమ్మం బయట నిలబడి రమ్మని పిలిచేవాడు ఉంటే ముందుకు నడవండి. లోపల పొడవాటి కౌంటర్, దాని మీద అద్దాల పెట్టెలో వంటకాలు, గోడ మీద సుద్దతో రాసిన పలక, పెద్ద గొంతుతో మాట్లాడుకునే ఊరివాళ్లు కనిపిస్తే అదే మీ చోటు. ప్లాసా నువేవా అనే కూడలి పక్క సందులో బోదేగాస్ కస్తన్యేదా అనే బార్ ఉంది. పాత పీపాలు, పైనుంచి వేలాడే పంది తొడలు చూసినా చాలు, వెళ్లినందుకు తృప్తిగా ఉంటుంది. కాయే నవాస్ వీధిలో 1942 నుంచి నడుస్తున్న లోస్ దియమాంతెస్‌కి వేయించిన చేపలంటే పేరు. అయితే ఆ వీధిలో టూరిస్టులు ఎక్కువ. కాస్త నడవగలిగితే రెయలేహో పేటలోని కాంపో దెల్ ప్రిన్సిపె వైపు వెళ్లమంటాను.

నిలబడే తినండి

నా దృష్టిలో డబ్బు మిగిలేది ఇక్కడే. చాలాచోట్ల కౌంటర్ దగ్గర ఒక ధర, బయట వేసిన కుర్చీల్లో కూర్చుంటే ఇంకో ధర. కూర్చుంటే మెనూ చేతికొస్తుంది, మెనూ చూస్తే పెద్ద ప్లేట్లు ఆర్డర్ చేస్తాం. కౌంటర్ దగ్గర ఆ ఇబ్బంది లేదు. లోపలికి వెళ్లి, సందు చూసుకుని నిలబడి, బార్‌మ్యాన్ మీ వైపు చూడగానే ‘ఓలా, ఉనా కాన్యా, పోర్ ఫవోర్’ అనండి. కాన్యా అంటే చిన్న గ్లాసు బీరు, సుమారు 200 మి.లీ. ఊళ్లోనే 1925లో మొదలైన అలాంబ్రా బీరు పోస్తారు. గ్లాసు ధర సుమారు రెండున్నర నుంచి మూడున్నర యూరోలు, అంటే మన లెక్కలో మూడు వందల రూపాయలకు కాస్త అటూ ఇటూ. గ్లాసు పెట్టి, వెనక్కి తిరిగి వంటగదిలోకి ఒక కేక వేస్తాడు. కాసేపట్లో మీరు అడగకుండానే ప్లేటు వస్తుంది.

మందు అలవాటు లేనివాళ్లు వెనకాడక్కర్లేదు. మోస్తో అనే తియ్యటి ద్రాక్షరసం అడగండి, లేదా కూల్‌డ్రింక్. వాటితో కూడా మామూలుగా టాపా వస్తుంది. 2022 నాటి చట్టం ప్రకారం బార్లు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి. కాకపోతే నీళ్లతో ప్లేటు ఆశించకండి.

శాకాహారులు ఒకటికి రెండుసార్లు చెప్పాలి

ఇక్కడ మనవాళ్లకి ఎక్కువ టెన్షన్. ‘సిన్ కార్నే’, అంటే మాంసం వద్దు అన్నా, హమోన్ ముక్కలు చల్లిన ప్లేటు రావచ్చు. హమోన్ అంటే ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది తొడ. దాన్ని మాంసం లెక్కలో వేయనివాళ్లు అక్కడ చాలామంది. అందుకే డ్రింక్ చెప్పేటప్పుడే ‘సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాదో’ అని మూడూ కలిపి చెప్పండి. పెస్కాదో అంటే చేప. క్రోకెతాస్ అనే వేయించిన ఉండల్లో తరచూ హమోన్ ఉంటుంది. చల్లటి టమాటా సూప్ సల్మొరేహో మీద కూడా గుడ్డు, హమోన్ చల్లుతారు. గుడ్డు తినేవాళ్లకి బంగాళదుంపల తోర్తియా, అంటే మందపాటి ఆమ్లెట్, నిశ్చింత. గుడ్డు కూడా తినని పక్కా శాకాహారులు పలక మీద ‘బెరెన్హేనాస్ కోన్ మియెల్’ ఉందేమో వెతకండి. వంకాయని పల్చగా కోసి, పిండిలో దొర్లించి కరకరలాడేలా వేయించి, పైన నల్లటి చెరకు పాకం సన్నటి ధారగా పోస్తారు. వంకాయ లోపల మెత్తగా వేడిగా ఉంటుంది, పాకం మన బెల్లం పాకంలాగే ఉంటుంది. దీనికి విడిగా కట్టాల్సి వచ్చినా కట్టండి.

రెండో గ్లాసు

చాలా బార్లలో రెండో డ్రింక్‌తో వేరే టాపా వస్తుంది. మొదటిది నచ్చితే అక్కడే ఇంకోటి తీసుకోండి, లేకపోతే పక్క బార్‌కి నడవండి. ఊరివాళ్లు చేసేదీ అదే. మూడు డ్రింకులకి మొత్తం సుమారు పది యూరోల ఖర్చుతో ఒక మనిషికి రాత్రి భోజనం దాదాపు అయిపోతుంది. ఇంకా ఆకలి ఉంటే ఇద్దరు కలిసి ‘మేదియా రాసియోన్’, అంటే సగం ప్లేటు చెప్పండి. రాసియోన్ అంటే నలుగురు పంచుకునేంత పెద్ద ప్లేటు, ధర కూడా ఆ స్థాయిలోనే. చేపలు, రొయ్యల పక్కన ధరకి బదులు ‘సెగూన్ మెర్కాదో’ అని ఉంటే ఆ రోజు మార్కెట్ రేటు అన్నమాట, అడగకుండా ఆర్డర్ చేయకండి.

డబ్బు చివర్లోనే. ‘మె కోబ్రాస్?’ అంటే చాలు, లెక్క చెప్తాడు. చిన్న బార్లలో ఐదు, పది యూరోల నోట్లు చేతిలో ఉంటే మంచిది. టిప్ తప్పనిసరి కాదు, మిగిలిన చిల్లర కౌంటర్ మీద వదిలేస్తే సరిపోతుంది.