కొలత సరిలేని 10కే రన్‌లో పీబీ కొట్టడం ఎలా

ఆదివారం పొద్దున ఊళ్లో జరిగే 10కే రన్‌లలో చాలావాటికి దూరం సరిగ్గా కొలవరు, చెప్పిన టైముకి మొదలుపెట్టరు, ట్రాఫిక్‌ను పూర్తిగా ఆపరు. అయినా పీబీకి (పర్సనల్ బెస్ట్, అంటే ఆ దూరానికి ఇప్పటిదాకా మీ అన్నిటికన్నా మంచి టైము) ఇవి మంచి చోటే. ప్రయాణం ఉండదు, ఇంటి తిండి తిని ఇంట్లోనే పడుకుంటారు, రోడ్డు తెలిసినదే. దూరం, టైము, నీళ్లు మాత్రం మీ చేతిలోనే ఉంచుకోవాలి. కింది లెక్కలన్నీ 50 నిమిషాల లోపు ముగించాలనుకునేవారికి, అంటే కిలోమీటరుకు 5:00 (5 నిమిషాల) పేస్‌కి, ఆ వేగానికి వేసినవి.

దూరంతో మొదలుపెడదాం, ఎందుకంటే పీబీ నిజమైనదా కాదా తేలేది అక్కడే. పద్ధతిగా కొలిచే రేసులకు సైకిల్ ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ (చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే పరికరం) బిగించి, మలుపుల్లో రోడ్డు అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో తొక్కుతూ కొలుస్తారు. దారి పొట్టిగా రాకుండా కిలోమీటరుకు మరో మీటరు కలుపుతారు. లోకల్ రన్‌లో స్కూటర్ మీటరు చూసి కోన్ పెట్టేయడమే ఎక్కువ. వెళ్లి అదే దారిన తిరిగొచ్చే రూటులో యూటర్న్ కోన్ 50 మీటర్లు జరిగితే మొత్తం మీద 100 మీటర్లు తేడా వస్తుంది. 5:00 పేస్‌లో అది 30 సెకన్లు!

అందుకే రూట్ మ్యాప్ చేతికి రాగానే మీరే కొలవండి. సైకిల్‌కి 100 మీటర్ల కన్నా చిన్న అంకె చూపే మీటరు ఉంటే చాలు. ముందు 400 మీటర్ల ట్రాక్ మీద మొదటి లేన్‌లో, లోపలి గట్టుకు 30 సెంటీమీటర్ల ఎడంగా 5 రౌండ్లు తొక్కండి. అది 2.00 కిలోమీటర్లు. మీటరు 2.03 చూపిస్తే, రూటు మీద 10.15 దగ్గర అసలు 10 పూర్తవుతుంది. రెండు కొలతలూ ఒకే పొద్దున తీయాలి. ఎండకు టైర్‌లో గాలి వ్యాకోచిస్తే చక్రం చుట్టుకొలత మారి లెక్క తప్పుతుంది. సైకిల్ లేకపోతే ఫోన్ మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి, పాయింట్లు దగ్గరదగ్గరగా గుచ్చుతూ దూరం కొలవండి. ఇది అంత కచ్చితం కాదు, కానీ స్కూటర్ మీటరు కన్నా నయం.

కొలుస్తూనే 2, 5, 7, 9, 10 కిలోమీటర్ల దగ్గర గుర్తులు ఎంచుకోండి. హైదరాబాద్‌లో మెట్రో పిల్లర్ల మీద, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల మీద నంబర్లుంటాయి. ఇంతకన్నా మంచి గుర్తు దొరకదు. వేరే ఊళ్లలో పెట్రోల్ బంకు గేటో, బస్టాపు స్తంభమో, విగ్రహం దిమ్మో పనికొస్తుంది. యూటర్న్ ఎక్కడ రావాలో కూడా రాసుకోండి. ఈ గుర్తులూ, ఒక్కోచోట ఉండాల్సిన టైమూ స్కెచ్ పెన్నుతో ముంజేతి మీద రాసుకుంటే, నిర్వాహకులు పెట్టే కిలోమీటరు బోర్డులతో పనే ఉండదు.

వాచీలో ఆటో ల్యాప్ (కిలోమీటరుకోసారి వాచీయే టైము నమోదు చేసుకోవడం) ఆపేసి, మీ గుర్తుల దగ్గర చేత్తో ల్యాప్ నొక్కండి. జీపీఎస్ మామూలుగానే కాస్త ఎక్కువ చూపిస్తుంది. సరైన 10 కిలోమీటర్లకు వాచీ 10.1 చూపించే చోట, తెరమీద 5:00 చూసుకుంటూ పరిగెత్తితే 50:30 అవుతుంది. 50 లోపు రావాలంటే వాచీలో సగటు 4:56 కనబడాలి. మెట్రో వయాడక్ట్ (పిల్లర్ల మీది రైలు వంతెన) కింద ఆ పేస్‌ను అసలు నమ్మకండి. పైన కాంక్రీటు అడ్డం ఉంటే సిగ్నల్ గంతులేస్తుంది.

ఇక స్టార్ట్. ముఖ్య అతిథి రావాలి, మాట్లాడాలి, జుంబా అవ్వాలి, అప్పుడు జెండా ఊపుతారు. 6 గంటలన్నది 6:30 కావడం మామూలే. చాలామంది పీబీ పోయేది ఇక్కడే: 5:50కి బాగా వార్మప్ చేసి, తర్వాత అరగంట నిలబడి చల్లబడిపోతారు. వార్మప్‌ని రెండుగా విడగొట్టండి. ప్రకటించిన టైముకి 20 నిమిషాల ముందు 10 నిమిషాల మెల్లటి జాగింగ్. స్ట్రైడ్స్ (కొద్ది దూరం వేగంగా తీసే పరుగులు) మాత్రం దాచుకోండి. అతిథి మైకు అందుకున్నాక పక్క సందులో 80 మీటర్లవి నాలుగు వేసి లైన్లోకి రండి. 20 నిమిషాలకు మించి ఆలస్యమైతే మరో 4 నిమిషాల జాగింగ్, రెండు స్ట్రైడ్స్.

తిండి కూడా ఆ ఆలస్యాన్ని లెక్కేసుకుని ఉండాలి. రెండు గంటల ముందు మూడు ఇడ్లీలు, కారం లేకుండా. జేబులో సగం అరటిపండో రెండు ఖర్జూరాలో ఉంచుకుని, 30 నిమిషాలు దాటితే తినండి. ఎదురుచూస్తూ నీళ్లు గుటకలు వేస్తూ ఉండకండి, అక్కడ టాయిలెట్ క్యూ ముందుకు కదలదు. బిబ్ (చొక్కాకి పెట్టుకునే నంబరు కాగితం) ముందురోజే తెచ్చుకుని, నాలుగు పిన్నీసులు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. వాళ్లిచ్చే టీషర్టు ఆ రోజు వేసుకోవద్దు. చెమటకు బరువెక్కి ఒరుసుకుంటుంది.

స్టార్ట్ దగ్గర చిప్ మ్యాట్ (మీరు దాటిన క్షణాన్ని బిబ్‌లోని చిప్‌తో నమోదు చేసే చాప) లేకపోతే జెండా ఊపినప్పటి నుంచే టైము లెక్క. 10 మీటర్లు వెనకుంటే 3 సెకన్లు పోయినట్టే. అలాగని మొదటి వరసలోనూ వద్దు. పిల్లలు బాణాల్లా దూసుకెళ్లి 150 మీటర్లకే ఆగిపోతారు, కొందరు సెల్ఫీకి నిలబడిపోతారు. మూడో వరసలో, రోడ్డు అంచున నిలబడండి. మొదటి కిలోమీటరు 5:05, తర్వాత ఆరు 5:00, ఆపై రెండు 4:58, చివరిది 4:50. మొత్తం 49:51. ఆ 5:05కి కంగారుపడి జనంలో వంకర్లు తిరిగితే దూరమూ పెరుగుతుంది, ఆయాసమూ వస్తుంది.

తిరుగు దారిలో 5కే వాళ్లు రోడ్డంతా పరుచుకుని నడుస్తుంటారు. ఇరవై అడుగుల ముందే "సైడ్ అన్నా, సైడ్!" అని గట్టిగా అనండి, వాళ్లు కదిలే వైపు చూసి రెండోవైపు వెళ్లండి. కోన్‌ల మధ్యలోంచి ఆటోనో బైకో దూరితే ఆగిపోండి. అక్కడ సెకన్ల లెక్క వద్దు. నీళ్ల టేబుల్ కోసం చూడకుండా 250 మిల్లీలీటర్ల మెత్తటి సీసా చేతిలో పెట్టుకుని 4, 7 కిలోమీటర్ల దగ్గర రెండేసి గుక్కలు తాగండి. టేబుల్ దగ్గర పారేసిన ప్యాకెట్ల మీద కాలు జారుతుంది, ఎదుటి అంచుకు జరిగి దాటండి.

ఫినిష్ ఆర్చ్ ముందే వచ్చినా వాచీ ఆపకండి. జనం పక్కగా మీ 10 గుర్తు దాకా పరిగెత్తి అక్కడ నొక్కండి. ఆర్చ్ అవతల ఉంటే గుర్తు దగ్గర ల్యాప్ నొక్కి, ఆర్చ్ దగ్గర వాచీ ఆపండి. యూటర్న్ కోన్ మీ గుర్తు కన్నా 40 మీటర్లు ఇవతల పెట్టి ఉంటే, ఆ 10 గుర్తు దగ్గరికి మీరు 80 మీటర్లు తక్కువ పరిగెత్తినట్టు. ఆ టైముకు 24 సెకన్లు కలిపి చూసుకోవచ్చు, కానీ అది అంచనా మాత్రమే. పొట్టి దారిలో వచ్చిన టైమ్‌ను, సర్టిఫికెట్ మీద ఉన్నా సరే, పీబీగా రాసుకోవద్దు. సరైన 10 దగ్గర నొక్కిన ల్యాప్ మాత్రం, దారి ఎంత పొడవైనా, మీ పీబీయే.

మెడల్ లైన్లో ఉండగానే బిబ్, వాచీ రెండూ కనబడేలా ఫొటో తీసి, వాచీ ఫైల్ సేవ్ చేసుకోండి. రిజల్ట్స్ జాబితాలో పేరో టైమో తప్పుగా వస్తే అదే రోజు బిబ్ నంబరుతో మెయిల్ పెట్టండి, వారం దాటితే దాన్ని సరిచేసేవాళ్లు దొరకరు.