చిన్న జాతి కుక్కపిల్లలు: ఏం కనిపిస్తే ఏం చెయ్యాలి

పామరేనియన్, షిట్జూ, చివావా, పగ్, టాయ్ పూడుల్ పెంచుకునేవాళ్లు మన దగ్గర బాగా పెరిగారు, కానీ పెద్ద కుక్కలకి చేసినట్టే వీటికీ చేస్తే కుదరదు. ఎదిగిన లాబ్రడార్ ఒక పూట తినకపోతే రేపటిదాకా చూడొచ్చు, కిలో కూడా లేని పప్పీ విషయంలో అంత టైం ఉండదు. అందుకే అన్నిటికన్నా తొందరగా ప్రాణం మీదకి తెచ్చేదానితో మొదలుపెడుతున్నా.

పిల్ల డల్‌గా పడుకుంది, లేపితే తూలుతోంది, వణుకుతోంది, ఒళ్లు చల్లగా ఉంది

చాలాసార్లు ఇది షుగర్ పడిపోవడమే. మూడు నాలుగు నెలల లోపు టాయ్ జాతి (బాగా చిన్న సైజు) పిల్లలకి లివర్‌లో నిల్వ ఉండే గ్లూకోజ్ చాలా తక్కువ, ఒంట్లో కొవ్వూ కండా కూడా పెద్దగా ఉండవు, దాంతో కొన్ని గంటలు కడుపు ఖాళీగా ఉన్నా, చలి తగిలినా, కొత్త ఇంటికొచ్చి బెదిరి తినడం మానేసినా, కడుపులో పురుగులున్నా షుగర్ దిగిపోతుంది. రక్తంలో షుగర్ 60 mg/dL కంటే తగ్గిందంటే ప్రమాదంలో పడ్డట్టే, ఇంకా దిగితే ఫిట్స్ వస్తాయి, స్పృహ పోతుంది.

వెంటనే తేనె గానీ, నీళ్లలో చిక్కగా కలిపిన గ్లూకోజ్ పొడి గానీ కొంచెం వేలితో తీసి చిగుళ్లకి రుద్దండి. స్పృహ లేనప్పుడు నోట్లో మాత్రం పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షుగర్ ఫ్రీ అని రాసున్నవి అస్సలు వాడకండి, వాటిలో జైలిటాల్ ఉంటే షుగర్ ఇంకా పడిపోతుంది, కుక్కలకి అది విషం. టవల్లో చుట్టి వెచ్చగా పట్టుకుని డాక్టర్ దగ్గరికి బయల్దేరండి, దార్లో లేచి తోక ఊపినా సరే వెనక్కి రావొద్దు, ఎందుకంటే గంటలో మళ్లీ పడిపోవచ్చు.

మళ్లీ రాకుండా ఉండాలంటే రోజుకి నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తప్పనిసరి. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి విడదీసిన పిల్లని, అరచేతిలో పట్టేంత ఉంది ముద్దుగా ఉంది అని చెప్పినా కొనకండి, ప్లీజ్.

ఎత్తుకున్నా, ఉత్సాహంగా గెంతినా, గొలుసు లాగినా బాతు అరిచినట్టు దగ్గు

గొంతులో ఏదో ఇరుక్కుందేమో అని వేలు పెట్టి వెతుకుతుంటారు, చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు. గాలి గొట్టాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి రింగులు కొన్ని చిన్న జాతుల్లో బలహీనంగా ఉంటాయి, అవి చదునై గొట్టం నొక్కుకుపోతే ఈ దగ్గు వస్తుంది. పామరేనియన్‌లలో, యార్క్‌షైర్ టెర్రియర్‌లలో ఎక్కువ. మెడ పట్టీ ఈరోజే తీసేసి ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి, బరువు పెరిగితే తగ్గించండి, ఇంట్లో సిగరెట్, దోమల కాయిల్, అగరబత్తి పొగ ఆపండి. చాలా కుక్కలు ఇంతకే బాగా తేరుకుంటాయి, దగ్గు తగ్గకపోతే ఎక్స్‌రే తీసి డాక్టర్ మందులు రాస్తారు. ముసలి కుక్కకి దగ్గుంటే మాత్రం గుండె కూడా చూపించాలి, చిన్న జాతుల్లో గుండె వాల్వ్ జబ్బు మామూలే. నాలుక నీలంగా మారితే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

మెడ చాచి ముక్కుతో గాలి గట్టిగా లోపలికి పీలుస్తూ గురకలాంటి శబ్దం చేసి, కాసేపటికి మామూలైపోతే అది రివర్స్ తుమ్ము, ఎప్పుడో ఒకసారి వస్తే భయం లేదు. గొంతు మెల్లగా నిమరండి చాలు.

నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఎత్తి రెండడుగులు గెంతి మళ్లీ మామూలుగా నడుస్తుంది

మోకాలి చిప్ప దాని గాడిలోంచి పక్కకి జారుతోంది, చాలావరకు పుట్టుకతో వచ్చే లోపమే. ఇది నాలుగు గ్రేడ్‌లు. మొదటి రెండిటికి బరువు అదుపులో పెట్టి, నున్నటి టైల్స్ మీద మ్యాట్లు వేసి, పాదాల కింద వెంట్రుకలు కత్తిరించి, సోఫా మీద నుంచి దూకకుండా చూస్తే చాలామటుకు నెట్టుకొస్తాయి, మూడు నాలుగు గ్రేడ్‌లకి ఆపరేషన్ అడగాల్సిందే. నొప్పి అని మన పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వెయ్యకండి, ఇంత చిన్న ఒంటికి లివరో కిడ్నీయో పోతుంది.

వాంతులు, రక్తంతో కంపు కొట్టే విరోచనాలు, తిండి ముట్టదు

వ్యాక్సిన్‌లు పూర్తికాని పిల్లైతే పార్వో (పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) అనుకునే కదలండి. మజ్జిగ, పెరుగన్నం పెట్టి చూద్దాం అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, వాళ్లది ప్రేమే, కానీ పిల్లలో నీరు పోయి, షుగర్ కూడా పడిపోయి రోజులోనే చేయి దాటిపోతుంది. దీనికి సెలైన్ ఎక్కించాలి. ఇది రాకుండా వ్యాక్సిన్ మొదటి డోసు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా. అప్పటిదాకా వీధిలో నేల మీద దింపొద్దు. మామూలు ఫినాయిల్‌కి ఈ వైరస్ పోదు, ఒక వంతు బ్లీచ్‌కి 30 వంతుల నీళ్లు కలిపి తుడవాలి.

ఎండాకాలంలో ఆగకుండా వగర్చడం, చిగుళ్లు ఎర్రబడటం

పగ్, షిట్జూలకి ముక్కు నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి వగర్చి ఒళ్లు చల్లార్చుకోలేవు. మామూలు టెంపరేచర్ 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, 104 దాటితే ఎమర్జెన్సీ. ఐస్ వద్దు, మామూలు చల్లటి నీళ్లతో ఒళ్లు తడిపి ఫ్యాన్ కింద పెట్టి, అలాగే తడిగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. విజయవాడ, రామగుండం లాంటి చోట్ల మే నెలలో వాకింగ్ పొద్దున్నే సూర్యుడు రాకముందే ముగించాలి.

నోటి వాసన, కోరపళ్లు రెండు వరసలు

ఏడు నెలలకి కూడా పాలపన్ను ఊడకపోతే పక్కన కొత్త పన్ను వంకరగా వస్తుంది, మధ్యలో తిండి ఇరుక్కుని చిగురు పాడవుతుంది. పీకించెయ్యాలి, స్టెరిలైజేషన్‌కి మత్తు ఇచ్చినప్పుడే ఇదీ చేయించుకుంటే రెండోసారి మత్తు తప్పుతుంది. తర్వాత కుక్కల పేస్ట్‌తో రోజూ బ్రష్ చెయ్యండి, మన పేస్ట్ వాడొద్దు.